నాయనమ్మ ముఖం కోసం మాచర్ల దాకా

మా నాయనమ్మ పోయి ఏడాది కావస్తున్న రోజుల్లో, ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఉండగా నాకు భయం పట్టుకుంది. "ఒరేయ్, ఆ కూర్చోవడమేంది, వెన్నులో ఎముక లేదా?" అన్న గొంతు చెవిలో గింగురుమంటూనే ఉంది. ముఖం మాత్రం ఎంత తలచుకున్నా నిలవడం లేదు. కళ్ళజోడు వస్తుంది, నుదురు వస్తుంది, రెండూ కలిసి రావు. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకుని, చంకలో మా నాన్నతో గుంటూరు వెళ్ళి ట్రైనింగు చదివి, మాచర్లలో ఆడపిల్లల బడి పంతులమ్మగా ముప్ఫై ఏళ్ళు చేసి, పింఛను తీసుకుని నరసరావుపేటలో మా దగ్గరికి వచ్చిన మనిషి. స్టూడియో మాటెత్తితే చాలు, "కదలొద్దని నాకు చెప్పేదానికి వాడెవడ్రా?" అనేది.

"మాచర్లలో జాన్‌బీ అని ఆమె దగ్గర చదువుకున్న పిల్ల ఉండాది. బళ్ళో దిగిన పటమొకటి ఆ పిల్ల దగ్గరుందని అమ్మ అంటుండేది. నేను చూళ్ళేదు" అన్నాడు నాన్న. సంవత్సరీకానికి ఇంకా మూడు రోజులుంది. ఆ పటం తెచ్చి, పూలదండ వేసి, అందరితో పాటు నేనూ ఆమె ముఖం మళ్ళీ చూసుకోవాలని బయలుదేరాను.

నరసరావుపేటలో పిడుగురాళ్ళ బస్సు ఆరున్నరకు అంటారు, ఏడున్నరకు కదులుతుంది. చార్జీ పన్నెండణాలు. యుద్ధం మూలంగా పెట్రోలు లేక అన్నీ బొగ్గు బస్సులే అయ్యాయి. వెనకాల ఇనుప పీపాలో బొగ్గు మండుతుంటుంది కాబట్టి వెనక సీటు ఎక్కినవాడు దిగేసరికి సగం ఉడుకుతాడు. నేను తెలివిగా ముందు సీటు సంపాదించి, డ్రైవరు సైదులు మాచర్లవాడని తెలిసి, మా నాయనమ్మ పేరు గొప్పగా చెప్పాను. అక్కడే పొరపాటు చేశాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఎత్తు రాగానే బస్సు దగ్గి ఆగిపోయింది.

"అందరూ దిగబన్లేదు. పంతులమ్మ మనవడు దిగితే చాలు" అన్నాడు సైదులు.

"నేనొక్కణ్ణేనా? ఎందుకు?"

"మా ఇల్లు ఆమె ఇంటి పక్కనే. సాయంత్రమైతే అరుగు మీద కూసోబెట్టి ఎక్కాలు చెప్పేది. పదమూడో ఎక్కం దగ్గర ఎన్ని గుంజీలు తీయించిందో నా మోకాళ్ళకు తెలుసు. చానా ఏళ్ళ బాకీ అబ్బాయా, తొయ్యి."

చివరికి నలుగురు రైతులు జాలిపడి చెయ్యి వేశారు. పైకెక్కాక సైదులు నా చొక్కా మసి దులిపి, "ఆమె కొట్టకపోతే నాకీ లైసెన్సు కాయితం మీద సంతకం వచ్చేది కాదులే" అన్నాడు. అన్న తర్వాత కూడా ఇంకో రెండు చోట్ల తోయించాడు.

పిడుగురాళ్ళ చేరేసరికి పదకొండు దాటింది. మాచర్ల బండి పన్నెండుకు, మూడో తరగతి టిక్కెట్టు ఏడణాలు. గురజాల దాకా కిటికీ పక్కన కూర్చోవచ్చు. రెంటచింతల వచ్చేసరికి కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలింది. రెండున్నరకు మాచర్లలో దిగి, స్టేషను దగ్గర పూటకూళ్ళ ఇంట్లో గోంగూరతో భోంచేస్తూ జాన్‌బీ ఇల్లు అడిగాను.

"దర్జీ భార్య జాన్‌బీనా? పటం కోసమా?" అంది వడ్డించే పెద్దమ్మ, నేను చెప్పకుండానే. "ఇయ్యదు. ఆ పటంలో మా మేనత్త కూతురు కూడా ఉండాది. ఆ పిల్ల పోయినప్పుడు అడిగితే, చూసి పోండి అంది గానీ చేతికియ్యలా. నీకేం ఇస్తది? కాస్త నెయ్యి వేసుకో, దిగులుపడేవాడు ఒట్టన్నం తినకూడదు."

దర్జీ కొట్టు వెనకే ఇల్లు. జాన్‌బీకి నలభై దాటి ఉంటాయి. నేనెవరినో చెప్పగానే, కుట్టు మిషను దగ్గర నుంచి లేచి, "వెన్ను వంచి నిలబడ్డావేంది? ఆమె మనవడివేనా?" అంది. ఇక అనుమానం అక్కర్లేదు, సరైన ఇంటికే వచ్చాను. తర్వాత పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన పటం తీసింది.

పటంలో మూడు వరసల్లో ఆడపిల్లలు. ఒక్కొక్క ముఖం, ఒక్కొక్క జడ, నూనె మెరుపుతో సహా స్పష్టంగా ఉంది. మధ్యలో కుర్చీలో మా నాయనమ్మ. తెల్లచీర, ఎత్తిన చూపుడువేలు, అన్నీ ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట తడిగుడ్డతో తుడిచిన పలక ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"నా మూలానే" అంది జాన్‌బీ. "ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిందని పటం తీయించారు. ఊపిరి గూడా పీల్చొద్దన్నాడు పటాలాయన. నా ముక్కు మీద ఈగ వాలింది. నేను రవ్వంత కదిలా. కదిలితే ఆమె ఊరుకుంటదా? 'ఏమే జాన్‌బీ!' అని ఇటు తిరిగింది. మేమందరం చక్కగా పడ్డాం, ఆమె చెరిగిపోయింది. వారం తర్వాత పటం నా చేతికిచ్చి, 'నీ నిర్వాకం, నువ్వే దాచుకో' అంది."

ఇంత దూరం తోసుకుంటూ వచ్చింది దీనికా అనిపించింది. అయినా సంవత్సరీకానికి ఇదైనా ఇమ్మని అడిగాను.

"ఇయ్యను అబ్బాయా. ఈ పటంలో అందరూ పటాలాయన వంక చూస్తుండారు. ఆమె ఒక్కతే నా వంక చూస్తంది. ఎట్టా ఇచ్చేది?"

"ఎలా చూసింది పిన్నమ్మా? నాకు ముఖం గుర్తుకు రావడం లేదు" అన్నాను.

ఆమె కొంగు సవరించుకుని కూర్చుంది. గడ్డం కాస్త లోపలికి లాక్కుని, ఎడమ కనుబొమ ఒక్కటే ఎత్తి, నవ్వు బయటపడకుండా పెదవి మూల బిగించి, నా వంక చూసింది. కళ్ళజోడు లేదు, పోలిక లేదు. అయినా నా ఎదురుగా కూర్చున్నది మా నాయనమ్మే. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి ఏడ్చాను.

పటం ఇవ్వలేదు గానీ, దాన్ని ఒళ్ళో పెట్టుకుని భర్తతో సహా మర్నాటి పొద్దుటి బండికి తనే నాతో బయలుదేరింది. సంవత్సరీకం నాడు చుట్టాలంతా ఆ తుడిచిన పలకను చూసి ఇదేం పటం అని గొణిగారు. జాన్‌బీ కుర్చీలో కూర్చుని ఆ చూపు మా నాన్న వైపు తిప్పింది. యాభై ఏళ్ళ మనిషి, కాలు మీద కాలు వేసుకుని చుట్ట కాలుస్తున్నవాడు, చుట్ట వెనక దాచేసి లేచి నిలబడ్డాడు.

మనిషి ముఖం పటాలాయన గాజుపలక మీద పడితేనే మిగులుతుందనుకున్నాను. ఆమె కోప్పడిన పిల్ల ముఖంలో అది ముప్ఫై ఏళ్ళు చెక్కు చెదరకుండా ఉంది. మీ ఇంట్లోనూ ఫొటో దిగకుండా పోయిన పంతులమ్మ ఉంటే, ఆమె పనిచేసిన ఊరికి ఒక్కసారి వెళ్ళి రండి. మాచర్ల వైపయితే రెంటచింతల రాకముందే కూజా నింపుకోండి. ఊళ్ళోకి వెళ్ళాక ఆమె మెచ్చుకున్న పిల్లల్ని అడగవద్దు, ఎవరిని ఎక్కువ తిట్టిందో అడగండి.