విశ్వాసం ఏరుకున్న బండి

కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద పద్దెనిమిదేళ్లుగా బండి తోలుతున్న విశ్వాసానికి ఈత రాదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే: పైనున్న ప్రభువు, ఇంట్లో ఉన్న భార్య నిర్మల. ఇద్దరిలో ప్రభువే నయం, దెప్పిపొడవడు.

ఆ చుట్టుపక్కల పిల్లలకి నడకా ఈతా ఒక్కసారే వస్తాయని చెప్పుకుంటారు. విశ్వాసానికీ వచ్చేదేమో గాని, మధ్యలో బాప్తిస్మం అడ్డొచ్చింది. పన్నెండో ఏట పాస్టరుగారు కాలవలో అతన్ని ముంచుతుండగా కాళ్ల కింద బురద జారింది, ఆయన చెయ్యి పట్టు తప్పింది. మళ్లీ దొరకబుచ్చుకుని పైకి లేపడానికి ఎంతసేపు పట్టిందో ఒడ్డున పాటలు పాడుతున్నవాళ్లకి తెలియదు, విశ్వాసానికి తెలుసు. నీళ్లలోంచి కొత్త మనిషిగా లేస్తావన్నారు. లేచాడు, నీళ్లంటే వణికే మనిషిగా. ఆనాటి నుంచి అతనికి బకెట్టూ చెంబూ తప్ప వేరే నీళ్లు పడవు.

అలాంటివాడు చెరువుల మీద పనికెందుకు చేరాడంటే, వేరే పని దొరక్క చేరాడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీ మీద క్లీనరుగా ఉండి స్టీరింగు నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక ఇంటిపట్టున ఉండే ఉద్యోగం చూసుకోమంది నిర్మల. చెరువుల యజమాని చేర్చుకుంటూ ఈతొచ్చా అని అడిగాడు. వచ్చండి అన్నాడు విశ్వాసం. ఆ ఒక్క మాటని పద్దెనిమిదేళ్లు మోశాడు.

ఆ యజమాని షుగరు జబ్బుతో పోయాక చెరువులు ఆయన భార్య కనకరత్నం గారి చేతికి వచ్చాయి. ఏభై దాటిన మనిషి, మాట తక్కువ, చూపెక్కువ. రోజూ పొద్దున్నే బండిలో కూర్చుని గట్లన్నీ తిరగవలసిందే. అయితే ఆవిడ ఏనాడూ రేవు మెట్టు దిగలేదు, దోనె ఎక్కలేదు. బండిలో ఉన్నంతసేపూ తలుపు పైనున్న పిడి వదిలేవారు కాదు. అదంతా దొరసాని దర్జా అనుకునేవారు కూలివాళ్లు. తన డ్రైవింగు మీద నమ్మకం లేక కాబోలునని విశ్వాసం లోలోపల నొచ్చుకునేవాడు.

చెరువుకీ చెరువుకీ మధ్య గట్టంటే, బండి పోగా అటో జానెడు ఇటో జానెడు మిగులుతుంది. ఎండాకాలం పర్వాలేదు. నాలుగు చినుకులు పడ్డాయా, ఆ నల్లమట్టి వెన్నముద్దే. వెనక చక్రం కాస్త పక్కకి జరిగితే చాలు, విశ్వాసానికి ముక్కుల్లోకి మళ్లీ కాలవ నీళ్లు ఎక్కేవి. చెప్పుకుందామా అంటే, నీళ్లకి భయపడే డ్రైవర్ని చెరువుల దగ్గర ఎవరుంచుకుంటారు?

గవర్నమెంటువాళ్లు కొల్లేరు సరస్సులో అక్రమంగా తవ్విన చెరువుల గట్లు పేల్చేసిన రెండేళ్లకి కనకరత్నం గారి పాత వ్యాను చేతులెత్తేసింది. ఆవిడ చెరువులు సరస్సు హద్దుకి బయట ఉండబట్టి మిగిలాయి. ముందు మనుషులు కూర్చోవడానికి రెండు వరసల సీట్లూ, వెనక మేత బస్తాలకి తొట్టీ ఉన్న కొత్త రకం బండ్లు ఏలూరు షోరూంలోకి వచ్చాయని విని, ఆవిడ విశ్వాసాన్ని వెంటబెట్టుకుని వెళ్లారు.

షోరూంలో మధుబాబు అనే ఉద్యోగి రెండు బండ్లు చూపించాడు. రెండూ తెలుపే, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఒకటి లగ్జరీ. ఏసీ, పాటలు, మీట నొక్కితే దిగే అద్దాలు, సోఫాల్లాంటి సీట్లు. రెండోది మొరటుది. అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, సీట్లు బల్లల్లా ఉన్నాయి, కానీ గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంది. అది లాగితే ముందు చక్రాలు కూడా ఇంజను బలంతో తిరుగుతాయనీ, వెనకవి బురదలో జారినా ముందువి పట్టుకుని లాగేస్తాయనీ, దాన్నే ఫోర్ వీల్ డ్రైవ్ అంటారనీ మధుబాబు చెప్పాడు.

విశ్వాసం ఆ పొట్టి రాడ్డు మీద చెయ్యి వేసి తియ్యలేకపోయాడు. ఇది ఉంటే బతుకుతాను అనుకున్నాడు. అంతే అనుకున్నాడు, ఇంకేమీ కాదు. అవతల కనకరత్నం గారు లగ్జరీ బండిలో ఏసీ గాలికి కాసేపు కళ్లు మూసుకున్నారు. తరవాత దిగి వచ్చి, "తోలేవాడివి నువ్వు. ఏది కావాలో చెప్పు" అన్నారు.

మొరటుది కావాలంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి?

"మీ ఇష్టమండి" అన్నాడు విశ్వాసం.

మా వైపు ఈ రెండు మాటలూ ముంచినన్ని కొంపలు వరదలు కూడా ముంచి ఉండవు. ఆ సాయంత్రం సంగతంతా విని నిర్మల గరిటె కింద పెట్టింది. "రేపు మిమ్మల్ని ఏ గట్టు కిందనుంచో తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెడితే, నేను కూడా మీ ఇష్టమండి అనాలా?" అంది. అని ఏడ్చింది. నిర్మల ఏడవడం చూస్తే విశ్వాసానికి తన భయం ఎంత పెద్దదో తెలిసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, తలొంచుకుని, ఆ ఫోర్ వీలుదే తీసుకుందామండి, గట్టు మీద పట్టుంటుంది అని చెప్పాడు. కారణం అడుగుతారని భయపడుతుంటే, ఆవిడ ఏమీ అడగలేదు. వెంటనే షోరూంకి ఫోను చేసి, "మా డ్రైవరు ఫోర్ వీలరే కావాలంటున్నాడండీ, అదే పంపండి" అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. మన దేశంలో స్కూటరు టూ వీలరు, ఆటో త్రీ వీలరు, కారూ జీపూ వ్యానూ ఏదైనా ఫోర్ వీలరే. షోరూంలో ఉన్నవన్నీ ఫోర్ వీలర్లే అయినప్పుడు మధుబాబు మాత్రం ఏం చేస్తాడు? ఏసీ గాలికి కళ్లు మూసుకున్న ఆవిడ ముఖం గుర్తు తెచ్చుకుని లగ్జరీ పంపాడు. పక్కనే నిలబడి ఫోను విన్న విశ్వాసానికీ తప్పు తోచలేదు. అతనైనా అలాగే అనేవాడు.

బండి వచ్చిన రోజు కూలివాళ్లంతా చుట్టూ మూగారు. విశ్వాసం తలుపు తీసి చూశాడు. గేరు రాడ్డు ఒక్కటే ఉంది. పొట్టిది లేదు. వంగి సీటు కింద కూడా వెతికాడు. కనకరత్నం గారేమో అందరికీ వినబడేలా, ఇది మా విశ్వాసం ఏరుకున్న బండి, పైగా ఏసీ కూడా పెట్టి పంపారు, మంచివాళ్లు అంటున్నారు. పంతులుగారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. ముందుకు పోనిస్తే నాలుగూ నలిగాయి. వాటిలో ఇంజను తిప్పినవి రెండే చక్రాలని తెలిసినవాడు ఒక్క విశ్వాసమే, వాడు నోరు విప్పలేదు.

నిర్మల ఐదు లీటర్ల నూనె క్యాను ఖాళీది కడిగి, మూత బిగించి ఇచ్చింది. పడితే పట్టుకోండి, తేలుతుంది అంది. విశ్వాసం దాన్ని సీటు వెనక దాచాడు. ఆనాటి నుంచి గట్టెక్కే ముందు ఓసారి చెయ్యి వెనక్కి పెట్టి క్యాను తడిమి చూసుకోవడం, ఓ ప్రార్థన చెప్పుకోవడం అలవాటైంది.

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున్న పదింటికి, చివరి చెరువుకి గండి పడిందేమో చూద్దాం పద అన్నారు కనకరత్నం గారు. విశ్వాసం సీటు వెనక క్యాను తడిమి చూసుకుని బండి తీశాడు. వెనక తొట్టిలో తవుడు బస్తాలు, రెండు పక్కలా నిండు చెరువులు. మధ్య గట్టు సగానికి వచ్చాక వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. బండి ముందుకి పోలేదు, పక్కకి పోయింది. తొట్టి ఎడమ చెరువు వైపు వాలింది. విశ్వాసం బలమంతా పెట్టి బ్రేకు తొక్కి పట్టాడు. ఆవిడ వైపు అద్దంలోంచి చూస్తే గట్టు కనబడలేదు, నీళ్లే కనబడ్డాయి.

"ఆ ఫోర్ వీలరు వెయ్యి, విశ్వాసం" అన్నారావిడ.

"ఇందులో లేదండి."

"అడిగి తెప్పించాం కదా?"

"వేరేది పంపారండి. వచ్చిన రోజే చూశానండి."

"మరి చెప్పలేదేం?"

బండి ఇంకో వేలెడు జారింది. ఇక దాచుకోవడానికి విశ్వాసం దగ్గర ఏమీ మిగల్లేదు. "ఎందుకని అడుగుతారనండి. నాకు ఈత రాదండి. ఆ రోజు అయ్యగారికి అబద్ధం చెప్పానండి" అన్నాడు.

ఆవిడ అతనికేసి చూడలేదు. పిడి పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"నాకూ రాదు" అన్నారు.

రేవు మెట్టు, దోనె, ఈ పిడి, కారణం అడక్కుండా చేసిన ఆ ఫోను, అన్నీ అప్పుడు అర్థమయ్యాయి విశ్వాసానికి. పన్నెండు చెరువుల ఆసామి ఇన్నేళ్లుగా తన పక్క సీట్లోనే కూర్చుని తనలాగే చస్తూ బతికింది. అతను ఒక చెయ్యి వెనక్కి పెట్టి క్యాను బయటికి లాగి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"గట్టిగా పట్టుకోండి అమ్మగారూ. తేలుతుంది."

"నీకో?"

"నేను బ్రేకు మీద కాలు తియ్యకూడదండి."

ఏసీ చల్లగా కొడుతుంటే ఇద్దరికీ చెమటలు కారాయి. చెరువుల కావలివాడు సీమోను దూరం నుంచి చూసి, ట్రాక్టరు తెచ్చి, మోకు కట్టి లాగించేసరికి అరగంట అయింది. గట్టి నేల మీదికి వచ్చాక కూడా విశ్వాసం కాలు బ్రేకు మీద నుంచి రాలేదు. సీమోనే వంగి చేత్తో తీశాడు.

సోమవారం కనకరత్నం గారు విశ్వాసాన్ని తీసుకుని షోరూంకి వెళ్లి, తాళం చెవి మధుబాబు బల్ల మీద పెట్టారు. "మా ఇద్దరికీ ఈత రాదు. ముందు చక్రాలు కూడా లాగే బండి ఇవ్వండి" అన్నారు, అక్కడున్న నలుగురికీ వినబడేలా. ఎవరు నవ్వుతారోనని విశ్వాసం ఒళ్లు బిగబట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఏ రంగు కావాలండి అని మాత్రం మధుబాబు అడిగాడు. ఆవిడ విశ్వాసం వైపు తిరిగారు.

"మీ ఇష్ట" దాకా వచ్చి ఆగాడు విశ్వాసం.

"ఎరుపండి" అన్నాడు. "నీళ్లలో పడ్డా పైకి కనబడుతుంది."