శేషుకుమారి కడిగిన కొత్త ఫ్లోరు

"బకెట్లతో కుమ్మరించావా? చెక్క మీదా? బుర్రుందా నీకు?"

"శ్రావణ శుక్రవారం. ఇల్లు కడక్కుండా అమ్మవారినెలా కూచోబెడతాను? నిన్నే కడిగా. ఏం?"

"ఏమిటా! ఇవి తెనాల్లో మీ నాన్న పరిపించిన నాపరాళ్లు కాదే! చూడు, అప్పడాల్లా లేచాయి!"

"తడి తగలకూడదని నాతో ఎవరన్నారు? నువ్వన్నావా? మ్యాగజైన్లో రంగు చూపించావు, అంతే."

పక్క గదిలో రంపం ఆపి విన్నాను. అది దేశం కాని దేశంలో, క్రాన్‌బర్న్ అనే శివారు పేటలో ద్వారకానాథ్ గారి ఇల్లు. యూనివర్సిటీ చదువు వదిలేసి నేను ఫ్లోర్లు వేసే పనిలో పడ్డాను. వాళ్ల హాలూ వంటిల్లూ పూర్తిచేసి, ఆ రోజే పడకగది మొదలుపెట్టాను.

రెండువేల సంవత్సరం, ఆగస్టు. కంప్యూటర్ల వైటూకే గండం పుణ్యమా అని కాంట్రాక్టులు దొరికిన మనవాళ్లందరి కన్నూ ఇళ్ల మీద పడింది. కార్పెట్ పాతబడిపోయింది. ఎర్రమట్టి టైల్సు అంతకన్నా పాతబడ్డాయి. అందరికీ తేనెరంగు చెక్క పలకలే కావాలి, మేకు లేకుండా ఒకదాన్నొకటి కరుచుకునేవి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ ఉండకూడదు. ద్వారకానాథ్ గారు గోడ కొట్టించారు. ఇంటి ప్లాను కంప్యూటర్లో గీసుకుని, కిటికీ వెలుగు ఎటు పడుతుందో పలకలు అటే పరవమన్నారు. బాగానే కుదిరింది. తడిగుడ్డయినా గట్టిగా పిండి తుడవాలని నేనంటే, "ఐ నో, ఐ నో" అన్నారు. భార్యకి చెప్పలేదు. ఆవిడకి ఏదీ చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు.

ఆయన భార్య శేషుకుమారి ఆంటీ పక్కనే క్లైడ్ వైపు తోటల్లో, కూరగాయల షెడ్డులో సెలెరీ కాడలు కడిగి కట్టలు కట్టేది. చలికాలమంతా చేతులు చన్నీళ్లలోనే. ఇంటికొచ్చి వాక్యూమ్ తిప్పేది. ఎంత తిప్పినా తృప్తి లేదు. "కార్పెట్ అంటే కడగని కంచంరా జయంతూ. ఏళ్ల తరబడి దాన్లోనే తింటున్నాం" అనేది. నేను కార్పెట్ పీకేసిన రోజు, కింది సిమెంటు మీద ఉత్తికాళ్లతో ఇల్లంతా తిరిగింది. నేలంటే నీళ్లు పోసి చీపురుతో కడిగేది. మన ఊళ్లలో పెరిగిన ఏ ఆడమనిషినడిగినా అదే చెబుతుంది.

దెబ్బ వినపడింది. ఆ వెంటనే ఆవిడ పడిన చప్పుడు. కార్పెట్ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో మనిషి కిందపడితే పక్క గదికి వినపడేది కాదు.

నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆయన మిగిలిపోయిన పలకొకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఇక ఇక్కణ్ణుంచి ఆయన్ని గారు అనను. ఆవిడ చెవి పైన చీలి, నెత్తురు మెడ మీదుగా జాకెట్లోకి దిగుతోంది.

"నా ఇల్లు నాశనం చేశావే!" అంటూ మళ్లీ ఎత్తాడు.

నా పనిముట్లు అక్కడే పడున్నాయి. ఆవిడ మేకులు పీకే ఇనపకడ్డీ అందుకుంది. లేవలేదు. కూర్చున్నచోటి నుంచే అతని మోకాలి మీద కొట్టింది. చిప్ప పగిలింది. పడ్డాడు. పడ్డాక పలక పట్టుకున్న మణికట్టు మీద కొట్టింది.

"ఇది ఇవాళ్టిది కాదు" అంటూ మళ్లీ ఎత్తింది.

వెనక నుంచి పట్టుకున్నాను. మోచేత్తో నా మూతి పగలగొట్టింది. వదిలేశాను. కానీ ఈసారి అతని జోలికి పోలేదు. ఉబ్బిన సందుల్లో కడ్డీ దూర్చి పలకలు పెళ్లగించడం మొదలుపెట్టింది. చీలికలు అరచేతుల్లో దిగుతున్నా ఆపలేదు. అతను మూలన పడి అరుస్తుంటే, ఆవిడ హాలు సగం పీకేసింది. అంబులెన్స్ నేనే పిలిచాను. వాళ్ల వెనకాలే పోలీసులు.

హాస్పిటల్లో కృష్ణమూర్తి అంకుల్ నన్ను పక్కకి లాగాడు. ద్వారకానాథ్‌కి ఈ దేశంలో మొదటి ఉద్యోగం ఇప్పించింది ఈయనే.

"చూడు బాబూ, తడి ఫ్లోరు. ఇద్దరూ జారిపడ్డారు. యాక్సిడెంట్. అంతే."

"నా మూతి కూడా జారిందా అంకుల్?"

"జోకులొద్దు. కేసైతే వాడి కాంట్రాక్టు పోద్ది. ఆవిణ్ణి మాత్రం వదిలేస్తారా? మోకాలు పగలగొట్టింది. చూసింది నువ్వొక్కడివే. ఆవిడ మంచి కోరే చెబుతున్నా."

ఆ ఆఖరి మాట నన్ను పట్టుకుంది. నేను నిజం చెబితే ఆవిడ కూడా ఇరుక్కుంటుంది. ఏం చేయాలో తోచక ఆవిడ మంచం దగ్గరికి వెళ్లాను. తలకి కుట్లు, రెండు చేతులకీ కట్లు.

"కృష్ణమూర్తి ఏమన్నాడు? జారామని చెప్పమన్నాడా?"

"అవునాంటీ. మీక్కూడా అదే మంచిదంట."

"డాక్టరుకి బాత్రూంలో జారానన్నా. షెడ్డులో మెట్ల మీద జారానన్నా. కన్నకూతురికీ అదే చెప్పా. ఈ దేశం వచ్చిన కాణ్ణుంచీ జారుతూనే ఉన్నాను." నీళ్లు ఇమ్మంది. తాగించాను. తలుపు అద్దంలోంచి పోలీసామె నాకోసం చూస్తోంది.

"పో. ఆవిడతో చూసింది చూసినట్టు చెప్పు నాన్నా. ఆయన కొట్టింది చెప్పు. నేను కొట్టింది కూడా చెప్పు. ఒక్క దెబ్బ కూడా తగ్గించకు."