వైర్‌లెస్ సారూ, మూడు ఫ్లాపీలూ

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున, కోటగిరి దగ్గర నేను రోజూ బస్సులో వెళ్లి పాఠాలు చెప్పే బడిలో పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతుండగా ఫోన్ మోగింది. బాన్సువాడలో మా ఇంటి నుంచి అమ్మ. అమ్మకు అంకెలు సరిగా కనబడవు, తనంతట తాను ఫోన్ చేయడం చాలా అరుదు. "వైర్‌లెస్ సారు పోయిండు బిడ్డా" అంది. ఆ తర్వాత పెట్టేయడం తెలియక ఫోన్ అలాగే పట్టుకుని ఉండిపోయింది. మా గల్లీలో ఎవరో ఏడుస్తున్న చప్పుడు కాసేపు నా చెవిలో వినబడుతూనే ఉంది. ముందు రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి, తెల్లారి మేం పెద్దమ్మ అని పిలిచే ఆయన భార్య చాయ్ తెచ్చి పిలిస్తే లేవలేదట.

ఆయనది మా ఎదురిల్లు. నీటిపారుదల ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. ప్రాజెక్టులో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో, ఏ కాలువకు ఎంత వదులుతున్నారో రోజూ పొద్దున వైర్‌లెస్‌లో వినడం, రాసుకోవడం, అవతలి వాళ్లకు చెప్పడం ఆయన పని. సెట్టులో గరగర ఎక్కువ కాబట్టి ప్రతి అంకెనూ రెండుసార్లు చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ, ఇంట్లో కూడా ముఖ్యమైన మాట ఏదున్నా రెండుసార్లు అనడం ఆయనకు అలవాటైపోయింది. కూరలో ఉప్పు తక్కువైతే ఒక్కసారే. చుట్టాల ఇంట్లో ఎవరికైనా బాగాలేదని కబురొస్తే రెండుసార్లు.

తొంభైల మధ్యలో ఒకరోజు ఆయన నిజామాబాద్ నుంచి రెండు పాత కంప్యూటర్లు తెచ్చారు. ఏదో ఆఫీసు వాళ్లు పనికిరావని వేలం వేశారట. ట్రాలీలో వరి గడ్డి మీద పెట్టుకుని తెస్తే గల్లీ పిల్లలు టీవీలనుకుని వెంటపడ్డారు. ఇంట్లో గోడ గడియారమే నడుస్తలేదు, గివెందుకని పెద్దమ్మ అడిగిందట. ఆయన ముందు గడియారం బాగుచేసి, ఆ తర్వాత వాటి దగ్గర కూర్చున్నారు. ఏడాది దాటాక గానీ రెండింట్లో ఒకటి వెలగలేదు. వెలిగిన రోజు గల్లీ అంతటినీ పిలిచి, వరుసగా ఒక్కొక్కరి పేరూ కొట్టి, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో చూపించారు. మా అమ్మ తన పేరు దగ్గర వేలుపెట్టి, వేడిగా ఉంటుందేమోనని వెంటనే తీసేసుకుంది.

అప్పట్లో మా అన్న బస్టాండు దగ్గర చిన్న కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. సారుకూ వాడికీ వయసులో ముప్పై ఏళ్ల తేడా. అయినా ఆదివారం వస్తే ఇద్దరూ సారు ఇంటి అరుగు మీదే. విప్పిన మిషను మధ్యలో పెట్టుకుని, అన్నానికి పిలిస్తే వినపడనట్లు కూర్చునేవాళ్లు.

మా అన్నకు ఇంకొక పిచ్చి ఉండేది. మా అమ్మ నాట్ల పాటలు బాగా పాడేది. చుట్టుపక్కల పొలాల్లో నాట్లేసేటప్పుడు అమ్మ ఉందంటే కూలికొచ్చిన ఆడవాళ్లంతా అమ్మ ఉన్న మడిలోకే దిగేవారు. వాడు సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని ఆ పాటలు నోటుబుక్కులో రాసుకునేవాడు. మర్నాడు సెంటర్లో పిల్లలు వెళ్లిపోయాక కంప్యూటర్లో ఎక్కించేవాడు. అందులో తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు. అలా మూడు ఫ్లాపీలు నిండాయి. ఆ కాలపు పెద్ద ఫ్లాపీలు, అరచేతికంటే వెడల్పుగా నల్లగా ఉండి, పట్టుకుంటే వంగేవి.

తొంభై ఎనిమిది వానాకాలంలో, పిట్లం రోడ్డు మీద, మా అన్న బండిని లారీ గుద్దింది. వాడికి ఇరవై ఆరేళ్లు. ఆ ఏడు అమ్మ నాట్లకు పోలేదు. మరుసటి ఏడు పోయింది గానీ పాడలేదు. నోటుబుక్కు ఏమైందో తెలియదు. ఫ్లాపీలు మాత్రం వాడి చొక్కాలతో పాటు ఇనప్పెట్టెలో ఉండిపోయాయి.

ఏడేళ్లు గడిచాక, మా పాప బడిలో పాడటానికి ఒక పాట నేర్పమని అమ్మమ్మను అడిగింది. అమ్మ చాలాసేపు ఆలోచించి, యాదికి లేవు బిడ్డా అంది. తప్పించుకోవడానికి అనలేదు. నిజంగానే మరచిపోయిందని ఆమె ముఖం చూస్తే నాకు అర్థమైంది. మరునాడు పెట్టె తెరిచి ఫ్లాపీలు తీసుకుని నిజామాబాద్ వెళ్లాను. నాలుగు దుకాణాలు తిరిగాను. ఇవి పెట్టే కంప్యూటర్లు ఎప్పుడో పోయాయన్నారు. ఒక దుకాణంలో అబ్బాయి ఫ్లాపీని వెలుతురుకు ఎత్తి చూసి, దీంతో విసురుకోవచ్చు మేడం అని నవ్వాడు. ఎదురింట్లోనే అలాంటి మిషన్లు అప్పటికి ఐదు చేరాయన్న సంగతి నాకు తిరుగు బస్సులో తట్టింది. ఆ మిషన్లతో ఎవరికైనా పని పడుతుందని నేను అంతవరకూ అనుకోలేదు.

సారు ఆ మూడింటినీ రెండు చేతులతో అందుకున్నారు. వాటి మీద మా అన్న చేతిరాత ఉంది: అమ్మ ఒకటి, అమ్మ రెండు, అమ్మ మూడు. ఒక వారం ఆగు బిడ్డా, మిషన్ శుభ్రం చేయాలన్నారు. ఆగింది నేనే, అమ్మ ఆగలేదు. సంగతి తెలిసిన మరునాడే పోయి ఆయన అరుగు మీద కూర్చుంది. ఇప్పుడే చూపమంది. నేనూ పక్కన నిలబడ్డాను. కొడుకు పోయిన తల్లికి వద్దని చెప్పడం ఆయనకు చేతకాలేదు. మొదటి ఫ్లాపీ పెట్టారు.

లోపల ఇసుక రాసుకున్నట్లు చప్పుడైంది. ఆయన గబుక్కున బయటికి లాగి, వెలుతురుకు పెట్టి చూశారు. ఏడేళ్లు పెట్టెలో ఉండి ఫ్లాపీకి బూజు పట్టింది. ఆ బూజు మిషనులో చదివే ముల్లుకు అంటుకుని, తిరుగుతున్న పొరను గుండ్రంగా గీరేసింది.

"ఖరాబైంది" అన్నారు. "ఖరాబైంది. నేనే జేసిన."

ఆ రోజు నేనన్న మాట చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. "మీకిది ఆట సార్. మాకు మా అన్న" అన్నాను. అమ్మను చెయ్యిపట్టి లేపి ఇంటికి తీసుకొచ్చాను. వాడు ఆయనకు ఏమవుతాడో నాకు తెలుసు. వాడి పాడెను నలుగురు మోస్తే అందులో ఆయన ఒకరు. తెలిసే అన్నాను. మిగిలిన రెండు ఫ్లాపీలు అక్కడే ఉండిపోయాయి, వాటినైనా తిరిగి అడగలేదు.

ఎనిమిది నెలలు నేను ఆ ఇంటివైపు చూడలేదు. అయినా ఎదురిల్లు కదా, కళ్లు మూసుకుని తిరగలేం. ఆయనకు దెగ్లూరులో ఒక స్నేహితుడుండేవాడు. గడియారాలు బాగుచేసే మరాఠీ మనిషి, ఆయనకూ పాత కంప్యూటర్ల పిచ్చే. మేమంతా దెగ్లూరు కాకా అనేవాళ్లం. ఒకరి దగ్గర లేని సామాను ఇంకొకరు వెతికి, గుడ్డలో చుట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుకునేవారు. ఆ రోజుల్లో కాకా ప్రతి ఆదివారం వస్తుండేవాడు. ఇద్దరూ కలిసి రెండుసార్లు నాందేడ్ వెళ్లారని, అక్కడ ఇనుప సామాన్ల దుకాణంలో తుప్పు పట్టిన టైపు మిషన్ల కింద ఫ్లాపీలు చదివే డ్రైవులు మూడు దొరికాయని, మూడింటినీ విప్పి ఒకటి చేస్తున్నారని పెద్దమ్మ నల్లా దగ్గర చెప్పింది. సరిగ్గా తింటలేడు అని కూడా చెప్పింది. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఒకనాడు మా కిటికీలోంచి చూస్తే, పెద్దమ్మ బట్టల తీగకు పలచని నల్లటి బిళ్లలు పది పన్నెండు, క్లిప్పులు పెట్టి వేలాడుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఆటలు మళ్లీ మొదలైనాయనుకున్నాను. అవన్నీ ఎందుకూ పనికిరాని బూజు ఫ్లాపీలని నాకు తర్వాత తెలిసింది. ఎక్కడెక్కడివో అడిగి తెప్పించి, పై తొడుగు కోసి, లోపలి బిళ్లను సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వేరే తొడుగులో పెట్టి చదివించి చూసేవారట. ముప్పై నలభై వాటి మీద చెయ్యి కుదిరాక గానీ మావి ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా గుమ్మం ముందు నిలబడ్డారు. వెనక దెగ్లూరు కాకా. చేతిలో ప్రింటు తీసిన కాగితాలు. లోపలికి రాలేదు.

"రెండు వచ్చినయ్ బిడ్డా. రెండు వచ్చినయ్" అన్నారు. "ఒకటి రాలె" అన్నది మాత్రం ఒక్కసారే అన్నారు.

నేను అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టాను. అమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పదకొండు పాటలున్నాయి. పాటల మధ్యలో మా అన్న తనకోసం రాసుకున్న మాటలు కూడా ఉన్నాయి. ఇది అవ్వ దగ్గర నేర్చుకున్నదట. ఈ ముక్క రెండు రకాలుగా పాడింది. ఇక్కడ అమ్మ నవ్వింది, మరచిపోయిందట, రేపు అడగాలి. అమ్మ ఏడవలేదు. మళ్లీ చదవమంది. ఇంకొక పాట దగ్గర మాత్రం నన్ను ఆపింది. కాలువ తూము కాడ అని ఉండాల్సిన చోట మా అన్న తుమ్మ కాడ అని కొట్టాడు. నేను పెన్ను తీసి దిద్దబోయాను.

"గట్లనే ఉండనియ్" అంది అమ్మ. "వాడు గట్లనే ఇన్నడు."

కాసేపటికి సారు మెల్లగా, పోయినదాంట్లో ఏ పాటలున్నాయో యాది ఉన్నదా అక్కా అని అడిగారు. తెల్వదయ్యా, పోతే పోయినయ్, ఇద్దరూ లోపలికొచ్చి చాయ్ తాగుండ్రి అంది అమ్మ. ఆమె మనసు అక్కడితో తేలికైంది. నేను చాయ్ పెట్టాను, గ్లాసులు అందించాను. అనవలసిన మాట మాత్రం అనలేదు.

ఆ తర్వాత ఆదివారాలు నేను ఆ అరుగు మీదికి వెళ్లడం మొదలుపెట్టాను. భూతద్దం పట్టుకోవడం, సన్న అక్షరాలు చదివి చెప్పడం నా పని. ఆయన విప్పిన మరలను ఇడ్లీ ప్లేట్లలో పెట్టేవారు, ఒక్కో గుంటలో ఒక్కో చోటివి. ఏ మర ఎక్కడిదో పాత పెళ్లి పత్రికల వెనక బొమ్మ గీసుకునేవారు. మిషన్ చెడిపోయిందని ఎప్పుడూ అనలేదు. "మాట్లాడతలేదు" అనేవారు. మేం తొందరపడితే "ముందుగాల తుడువు, అనుమానం తర్వాత" అనేవారు. ఇవన్నీ ఎవరికి పనికొస్తాయని ఒకసారి అడిగాను. ఆయన చేతిలో పని ఆపలేదు.

"ఎవరో ఏందో రాసుకున్నరు బిడ్డా. సదివే మిషన్ లేకుంటే గది రాయనట్టే అయితది" అన్నారు.

చివరి రెండేళ్లూ ఆయన చేతులు వణికేవి. ఒకరోజు టంకం వేస్తుంటే బొట్టు పక్కన పడింది. దాన్ని గీకి తీసి, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ పక్కన పడ్డాక, కాకా చేతికిచ్చేసి కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నారు. అప్పటినుంచి ఆయన వేలితో చూపిస్తే కాకా చేసేవాడు. నేననవలసిన మాట ఆ రోజుల్లోనైనా అనవచ్చు. వచ్చే ఆదివారం అనుకునేదాన్ని.

పదో రోజు అయ్యాక పెద్దమ్మ నన్ను పిలిచి, ఆయన బల్ల సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసి ఇచ్చింది. మా అన్న మొదటి ఫ్లాపీ రెండు గాజు పలకల మధ్య ఆ సొరుగులోనే ఉంది. నాలుగేళ్లుగా, మాకు చెప్పకుండా, ఆయన దాన్ని చదివించడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఏ రోజు ఏం చేశారో, ఎన్ని అక్షరాలు వచ్చాయో అన్నీ రాసుకున్నారు. మొదట గుండ్రటి చేతిరాత, తర్వాత వంకర్లు తిరిగిన చేతిరాత, చివరి పేజీల్లో కాకా రాత. ఎనిమిదో పేజీలో దాదాపు పూర్తయిన ఒక చరణం ఉంది. అక్కడక్కడ రాని అక్షరాలకు చుక్కలు పెట్టి, కింద ఎర్ర సిరాతో రాసుకున్నారు: పాట మొత్తం వచ్చినంక చెప్పాలె.

నేను దాన్ని ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. చుక్కలున్న చోట ఆగి ఆగి చదివాను. అమ్మ ఒక చుక్క దగ్గర పెదవులు కదిపింది గానీ మాట బయటికి రాలేదు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చుంది.

మరునాడు దెగ్లూరు కాకా ఊరికి బయలుదేరాడు. అన్నీ తీసుకుపొమ్మంది పెద్దమ్మ. కాకా ఒక్క మిషనే తీసుకున్నాడు, మూడు డ్రైవులు కలిపి కట్టినది. ఫ్లాపీ కూడా ఇయ్యాలని, తాను చూస్తూ ఉంటానని మా అమ్మను వచ్చీరాని తెలుగులో అడిగాడు. అమ్మ ఇచ్చింది. నేను బస్టాండు దాకా వెళ్లాను. మిషన్ను పైన వేయమన్నాడు కండక్టరు. కాకా ఒప్పుకోలేదు, దానికీ ఒక టికెట్ కొని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. బస్సు కదిలే ముందు గంపతో ఒక ముసలావిడ ఎక్కింది. ఎక్కడా జాగా లేదు. కాకా లేచి తన సీటు ఆమెకిచ్చాడు. బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి కనబడ్డాడు. ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి మిషన్ మీద ఆనించి, కుదుపులకు ఊగుతూ నిలబడి ఉన్నాడు.