అడుగులు చూడకుండా ఇచ్చిన మాట

మొన్న మా అన్న కొడుకు చేను చుట్టూ కరెంటు కంచె వేయించి, ఆ ఫోటో నా ఫోనుకు పంపి, "అత్తా, ఇగ ఏదీ రాదు, బేఫికర్ ఉండు" అన్నాడు. సంతోషించాల్సింది పోయి, ఆనాటి నుంచి నా మనసు ఒక్కచోట నిలవడం లేదు.

మా చేను కోఠారి అనే ఊరు దాటాక అడవిని ఆనుకుని ఉండేది. ఊళ్లోకి ఎస్టీడీ బూతులు, కేబుల్ టీవీలు, సోయాబీను విత్తనాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్న ఆ ఏళ్లలో కూడా మా బాపు అడవి వైపు మూడు సాళ్ల జొన్నను కోయకుండా జంతువులకు వదిలేసేవాడు. పందులు అక్కడితో ఆగక లోపలికి దిగితే పక్కూరి వేటగాళ్లు వచ్చేవారు. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు, పంట పోతుంటే మాత్రం ఎవరూ నోరు విప్పేవారు కాదు. కాకపోతే వాళ్లు వలలు గట్టు మీదే దించి అడగాలి, బాపు సాళ్ల వెంట నడిచి మట్టిలో జంతువుల అడుగులు చూడాలి. పిల్లతల్లి అడుగులు కనిపిస్తే వద్దనేవాడు, వాళ్లూ కిమ్మనకుండా వలలెత్తుకుని పోయేవారు.

ఒక పొద్దున బాపు భూమి కాగితం కోసం, ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ ఆఫీసుకు పోయాడు. బళ్లో పంతులమ్మగా కొత్తగా చేరిన గర్వంతో చేనుకాడ నేనొక్కదాన్నే ఉన్నాను. వేటగాళ్ల పెద్దమనిషి వలలు దించి, "చెల్లె, బాపు లేడా? పందులు చేన్ల మస్తు పడ్డయి. వలలకు ఉరికియ్యమంటవా?" అన్నాడు. నన్నూ ఒక మనిషిగా లెక్కపెట్టి అడిగినందుకు పొంగిపోయి, అడుగులు చూడాలన్న సంగతే మరచి, కానియ్యమన్నాను.

పంది దొరకలేదు. జొన్న సాళ్లలోంచి బెదిరి ఉరికొచ్చిన చుక్కల దుప్పి వలలో పడి, విడిపించేలోగా మెడ విరిగి చచ్చిపోయింది. దాని పిల్ల గట్టవతల నిలబడి పిలుస్తూనే ఉంది. "సూసే చెప్పినవనుకున్న చెల్లె" అని పెద్దమనిషి తల దించుకున్నాడు.

బాపు మరుసటి ఏడు వేటగాళ్లను గట్టు దగ్గరే వద్దని పంపేశాడు. అడ్డులేని పందులు సగం పంట తినేశాయి. అన్న కోపంతో ఆ మూడు సాళ్లూ దున్ని సోయాబీను వేస్తే, వేటగాళ్లను వద్దన్నది తానే కాబట్టి బాపు అడ్డు చెప్పలేకపోయాడు. ఆయన నోరు మూయించింది నేనే కదా అని నాకు ఇప్పటికీ కుదురుండదు.

ఇప్పుడు అడిగేవాళ్లూ లేరు, చూసి చెప్పేవాళ్లూ లేరు. కంచెకు తల్లీ పిల్లా తేడా తెలియదు. ఆదివారం పోయి ఆ తీగల పక్కన తడి మట్టిలో వంగి వంగి చూస్తుంటే, "ఏంది అత్తా, ఏం పోగొట్టుకున్నవ్?" అన్నాడు మావాడు.

ఏం లేదురా అన్నాను. నిజంగానే, ఒక్క అడుగు కూడా లేదు.