తొమ్మిదో ఫారం

బైండరుకి చదువు పిచ్చి. కుట్టడానికి వచ్చిన పుస్తకాన్ని కుట్టి ఇచ్చేస్తే సరిపోయేదానికి, విప్పిన కాగితాలు ముందేసుకుని చదువుతూ కూర్చుంటాడు. పక్కన గిన్నెలో జిగురు ఎండి పెచ్చు కట్టినా పట్టదు. "ఏవండీ, మీరు పుస్తకాలు కుడుతున్నారా, పుస్తకాలే మిమ్మల్ని బల్లకి కుట్టేశాయా?" అని భార్య రోజుకోసారైనా దెప్పుతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఒంటిగది దుకాణంలో సూదీ దారంతో బతుకుతున్న మనిషి. ఏమన్నా పడతాడు గానీ, పనికి ఎవరైనా వంక పెడితే మాత్రం రెండు రోజులు అన్నం సహించదు.

ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో ముగ్గురు దొరికారు ఆయనకి. ఒకరు లెక్కల మాస్టారు, ఒకడు బస్సు కండక్టరు, ఇంకొకరు ఆస్పత్రిలో ముప్పై అయిదేళ్ళు చేసి రిటైరైన నర్సు. ఆమెని అందరూ అక్కా అనే పిలుస్తారు. ఒకే నవల నలుగురి చేతులూ మారుతుంది. నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం మాస్టారి ట్యూషన్ గదిలో పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. కిందటేడు ఏదో నవల్లో కథానాయిక చేసింది తప్పా ఒప్పా అని మాస్టారూ కండక్టరూ ఇరవై రోజులు మొహాలు చూసుకోలేదు. ఇద్దరూ మనవల్ని ఎత్తినవాళ్ళు!

ఈసారి వంతు ఒక పాత నవలది. ఓడరేవులో పనిచేసే గుమాస్తా కథ. అట్టలూడి దారాలు వేలాడుతుంటే బైండరే విప్పి కొత్తగా కుట్టి ఇచ్చాడు. ఎప్పుడో కుర్రతనంలో చదివిందే కదా అని మళ్ళీ పేజీ తిరగెయ్యలేదు. అదే కొంప ముంచింది.

ఆ ఆదివారం బెంచీ మీద సర్దుకోగానే మాస్టారు మొదలుపెట్టాడు. "గుమాస్తా సంగతి సరే. మధ్యలో ఆ అద్దెగది అమ్మాయి వస్తుంది చూశారూ, అబ్బ, ఏం రాశాడండీ! వాక్యం సగంలో తెగుతుంది, మనం గభాలున వేరే గదిలో పడతాం. పదహారు పేజీలయ్యాక మళ్ళీ సగం వాక్యంలోంచే బయటికి లాగేస్తాడు. ఆ రోజుల్లోనే అంత ధైర్యం!"

"ఆ అమ్మాయి గుమాస్తా చెల్లెలే," అన్నాడు కండక్టరు. "మొదట్లో ఒక్క ముక్క చెప్పాడు, ఇల్లొదిలిపోయిన చెల్లెలుందని. నేను పట్టేశా."

బైండరు బిక్కమొహం వేశాడు. అద్దెగదేమిటి, అమ్మాయేమిటి? తను చదివినప్పుడు అలాంటిదేదీ ఉన్నట్టు గుర్తులేదు. వయసు మీదపడి మర్చిపోయాను కాబోలు అనుకున్నాడు. అక్కడే నోరు విప్పి అడిగి ఉంటే ఈ గొడవే లేదు. కానీ ఈసారి చదవలేదంటే పరువేం కావాలి? మాస్టారు ఆయనవైపు తిరిగి "ఏమంటావోయ్?" అనగానే, "ఆ భాగమే నవలకి ప్రాణం" అనేశాడు. అని, తలకూడా ఊపాడు.

నర్సక్క చివర్లో అంది. "ఆ పిల్ల ప్రతి ఆదివారం రెండు కుర్చీలు వేసి, రెండు కప్పులు కడిగి పెట్టుకుని, అక్క వస్తుందేమోనని కిటికీ దగ్గర కూర్చుంటుంది చూడండి. అది చదివాక నాకు కుదురు లేకుండా పోయింది. మా చెల్లితో మాటల్లేక పదకొండేళ్ళు. అమ్మ పోయిన రోజు ఆలస్యంగా వచ్చిందని, శవం పక్కనే నించుని నా గడప తొక్కొద్దన్నాను. అదీ రోషగత్తె, తొక్కలేదు. వచ్చే ఆదివారం పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. ఈ పుస్తకం పట్టుకెళ్ళి దాని చేతిలో పెడతా. నా నోటితో చెప్పలేనిది అదే చదువుకుంటుంది."

కండక్టరు ఆ బస్సు ఎన్నింటికో, ఏ సీటయితే కుదుపు తక్కువో చెప్పడం మొదలుపెట్టాడు.

సోమవారం పొద్దున దుకాణం తలుపు తీశాడో లేదో, కరెంటు సామాన్ల షాపాయన ఊడిపడ్డాడు. చేతిలో, పోయిన నెల బైండరు కుట్టిచ్చిన ఇంకో నవల. "ఏమయ్యా, అద్దెగదిలో ఉన్న అమ్మాయి కథలో నడిమధ్య ఓడలూ గుమాస్తాలూ ఎక్కణ్ణించి వచ్చారు?"

బైండరు పుస్తకం లాక్కుని తిప్పి చూశాడు. అదీ సంగతి. పదహారు పేజీలు కలిపి మడిస్తే ఒక ఫారం. ప్రతి ఫారానికీ అడుగున చిన్న అంకె ఉంటుంది, ఆ వరసలో పేర్చి కుట్టుకుపోవడమే బైండరు పని. రెండు నవలలూ ఒకే ప్రెస్సువి, అవే అక్షరాలు, అదే సైజు. పేజీ నెత్తిన పుస్తకం పేరైనా లేదు. రెండూ ఒకే రోజు బల్ల మీద విప్పి ఉన్నాయి. దీని తొమ్మిదో ఫారం దానిలోకీ, దాని తొమ్మిదో ఫారం దీనిలోకీ పోయాయి. పేజీ నంబర్లు కూడా చక్కగా అతికాయి! ఇంకెవరు పట్టుకుంటారు?

"వారంలో సరిచేసి ఇస్తాను బాబూ, అంతదాకా దీన్ని ఇక్కడే ఉంచండి" అని ఆయన్ని సాగనంపాడు గానీ, ఆ వారమంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. సూదిలోకి దారం ఎక్కదు. ఒక లెడ్జరుకి అట్ట తలకిందులుగా అంటించాడు. తప్పు తప్పే, అది కాదు ఆయన బాధ. చెప్తే నర్సక్క ప్రయాణం మానేస్తుందేమో. పదకొండేళ్ళకి ఆ రోషం కరిగింది, కరిగించింది తన చేతి పొరపాటు! చెప్పకపోతే, అక్కడ చెల్లెలి ముందు ఆ పుస్తకం గుట్టు ఏదో నాటికి బయటపడితే, అక్క తనని వెక్కిరించిందనుకోదూ?

గురువారం భార్యకి చెప్పాడు. ఆమె చేతిలో పని ఆపకుండానే అంది. "మంచికే జరిగిందాన్ని మీరెందుకు కెలుకుతారు? వెళ్ళనివ్వండి పాపం."

"నిన్న ఆమె మొహం మీదే తలూపాను కదే, అది నన్ను తినేస్తోంది!"

"నిన్న కాదు, ఆదివారం. మీకు రోజులు కూడా తెలియట్లేదు."

శుక్రవారం, శనివారం బైండరు షాపాయన వదిలివెళ్ళిన నవల మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఆ అమ్మాయి ఏమవుతుందో తెలుసుకుంటే ఏదో దారి దొరుకుతుందనుకున్నాడు. చదివాక ఇంకా బెంగ పట్టుకుంది.

ఆదివారం ఏడింటికల్లా బస్టాండులో ఉన్నాడు. నర్సక్క ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. సంచీ పైన నవల.

"నువ్వేంటి తమ్ముడూ ఇక్కడ?"

ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఫారాలు, తొమ్మిదో అంకె, షాపాయన, అన్నీ. ఆమె మొహం మాడిపోయింది.

"మరి ఆ రోజు నవలకి ప్రాణం అన్నావు?"

"అబద్ధం అక్కా. మళ్ళీ చదవలేదని చెప్పడానికి సిగ్గేసింది."

"నీ సిగ్గు తగలెయ్య!" లేచి నించుంది. "నీ సూది పక్కకి పోతే నేను పదకొండేళ్ళ పట్టుదల వదిలి బస్సెక్కుతానా? అది నన్ను చూసి నవ్వదూ?" సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నాలుగడుగులు వేసింది. బైండరు, ఎంత పని చేశాను, భార్య మాట వినుంటే పోయేది కదా అని లోపల్లోపల కుమిలిపోయాడు.

ఆమె ఆగింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ పిల్ల సొంత నవల చదివావా?"

"చదివానక్కా."

"చివరికి వాళ్ళక్క వచ్చిందా?"

వచ్చిందని ఒక్క మాట అంటే చాలు. నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఒకసారి తలూపి పడ్డ అవస్థ చాలు ఆయనకి.

"రాలేదక్కా. చివరి పేజీ దాకా చూశాను. రాలేదు. ఆ పిల్ల ఒక కుర్చీ ఎత్తి లోపల పెట్టేస్తుంది. అంతటితో అయిపోయింది."

బస్సు స్టార్టయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె వెనక్కి వచ్చి, నవల తీసి బైండరు చేతిలో పెట్టింది.

"తీసుకెళ్ళి ఎవరిది వాళ్ళకి కుట్టు."

"మరి మీ చెల్లెలికి?"

"దీన్ని అడ్డం పెట్టుకుని మాట్లాడదామనుకున్నా. వద్దులే. తప్పు నేను అన్న మాటదైతే, మధ్యలో దీన్నెందుకు చదవాలి అది?"

పరుగులాంటి నడకతో వెళ్ళి, కదులుతున్న బస్సు ఎక్కేసింది.