ఎనకకు కూసోండ్రి

మా మేనమామ పోయాడని తిరుమలగిరి నుంచి అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు, ఆమెను ఓదార్చాల్సిన నేను "పడవ ఇప్పుడెవరు నడుపుతరు?" అని అడిగాను. "నీ బావనే" అంది.

ఆ పడవ సంగతి చెప్పాలి. సాగర్ నీళ్ల మీదుగా పత్తి ఏరే కూలీలను అవతలి ఒడ్డుకు దాటించడం మామ పని. అవతలి ఊరి బడిలో పనిచేసినన్నాళ్లు నన్నూ ఆయనే దాటించాడు. సాయంత్రం నాకు ఆలస్యమైతే పడవ కదిలేది కాదు. ఎవరు గొణిగినా "పంతులమ్మ రావాలె" అనేవాడు, అంతే.

పడవకు పాత నీళ్ల ఇంజను బిగించి, డీజిల్ ట్యాంకు హాలియాలో చేయించుకున్నాడు. బల్లలాగా వెడల్పుగా, జానెడు ఎత్తున ఉంటుంది. పైన నలుగురు కూర్చోవచ్చు. డీజిల్ అటూ ఇటూ జారకుండా లోపల అడ్డురేకులు పెడతానని వెల్డింగ్ మేస్త్రీ అంటే, అడుగున పేరుకునే మడ్డి కడగడానికి వీలుకాదని మామ వద్దన్నాడట. ఇంజనుకు పోయే పైపు వెనక మూలన ఉంది. డీజిల్ సగానికి తగ్గాక జనమంతా ముందుకు జరిగితే పడవ ముక్కు వంగుతుంది, డీజిలూ ముందుకు జారుతుంది. పైపు గాలి పీలుస్తుంది, ఇంజను ఆగిపోతుంది. ఒడ్డు దగ్గర మునిగిన బండలున్నాయి. గాలి తోసేది అటే.

జనం ముందుకు జరగకుండా ఎట్లా ఉంటారు? ఒడ్డున ఒక్కటే ఆటో. ముందు దిగినవాళ్లకే సీటు.

"ఎనకకు కూసోండ్రి! నా డీజిల్‌కు సుత మీ లెక్కనే ఆత్రం, ముందుకు ఉరుకుతది!" అని అరిచేవాడు.

"మామా, నీ ట్యాంకు కంటె నీ నోరే పెద్దగున్నది" అనేది ఒకామె. నవ్వుకుంటూనే అందరూ కూర్చునేవాళ్లు.

బయలుదేరే ముందు వేలి కణుపులతో ట్యాంకు మీద కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "ఇంజను సప్పుడున్నంతసేపే మనం పడవల ఉన్నట్టు బిడ్డా. సప్పుడు ఆగితె నీళ్లల్ల ఉన్నట్టే" అనేవాడు. అంత తెలిసినవాడు ట్యాంకు ఎందుకు మార్చలేదు? అత్తమ్మ పోరింది, నేనూ చెప్పాను. "ఇన్నేండ్ల సంది నడుస్తలేదా? పడవ మంచిదే, మనుషులే ఆగరు" అన్నాడు. అది ధైర్యమో మొండితనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి మాత్రం నిజం. అడ్డురేకు చేయాల్సిన పని ఆయన గొంతు చేసింది.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. దవాఖాన నుంచి వచ్చాక మాట రాలేదు. మెడకు తువ్వాల చుట్టుకుని, పానా తీసుకుని ట్యాంకు మీద టంగు టంగుమని కొట్టేవాడు. కొందరు కూర్చునేవాళ్లు. కొందరు వినపడనట్టే నిలబడేవాళ్లు. ఆ రోజుల్లో ఆయన నీళ్లవైపు కాదు, ఎవరు ముందుకు అడుగేస్తారోనని జనం కాళ్లవైపే చూస్తూ పడవ నడిపేవాడు.

అస్థికలు కలపడానికి అదే పడవలో వెళ్లాం. బావ ఇంజను నెమ్మది చేశాడు. ముంత నీళ్లలో విడవడం చూడాలని చుట్టాలంతా ముందుకు లేచారు. నేనూ లేచాను. అరిచేవాళ్లు లేరు.

ఇంజను రెండుసార్లు దగ్గింది. ఆగింది.

పడవ మెల్లగా బండలవైపు తిరుగుతోంది. ట్యాంకు మీద కదలకుండా కూర్చున్న అత్తమ్మ కాళ్ల దగ్గరి పానా అందుకుంది. టంగు. టంగు. ఒక్కొక్కరమే వెనక్కి వచ్చాం. పడవ ముక్కు లేచింది. ఆ నిశ్శబ్దంలో మా కింద డీజిల్ వెనక్కి జారడం వినిపించింది. బావ పైపులోని గాలి వదిలి, హ్యాండిల్ తిప్పి తిప్పి అలిసిపోయాక ఇంజను అందుకుంది.

తిరుగుదారిలో ఒడ్డు కనబడింది. ఆటో ఆగి ఉంది. చుట్టాలు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని ముందుకు లేస్తున్నారు. వెనక అత్తమ్మ ఒక్కతే, ఒళ్లో పానా పెట్టుకుని, వాళ్ల కాళ్లవైపు చూస్తోంది.