నేను కోదాడలో పెట్టని మూట

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిన్నచూపు. వాళ్ల దయ్యం దీపం ఉన్నచోటికి రాదు, ప్రశ్నలు వేసేవాడికి కనబడదు. సూర్యాపేట బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, అలాంటివి వందలు విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను. నా భార్య అనసూయ పోయి నాలుగు నెలలైంది. ఆమె ఉండగా రాయడానికి నాకు మొహం చెల్లలేదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. అనసూయ గొంతు మీద గడ్డ లేచింది. ఆరు నెలల్లో నిమ్మకాయంత అయింది, అన్నం దిగడం కష్టమైంది. హైదరాబాదు దవాఖానలో చూసిన డాక్టరు కత్తి పెట్టడానికి జంకి, మద్రాసులో ఇంకో డాక్టరుకు ఉత్తరం రాశాడు. ఫలానా సోమవారానికి వస్తే మంచం ఇస్తామని, దాటితే రెండు నెలలు ఆగాలని జవాబు వచ్చింది. రెండు నెలలు ఆగితే మనిషి దక్కదని హైదరాబాదు డాక్టరు నాకు విడిగా చెప్పాడు.

నేను ప్రయాణమంతా కాగితం మీద పెట్టాను. శనివారం బస్సులో కోదాడ, ఆ రాత్రి అనసూయ అక్క రాఘవమ్మ ఇంట్లో బస, మర్నాడు బెజవాడ, అక్కడ మద్రాసు రైలు. దుప్పట్లు, కిరసనాయిలు పొయ్యి, జావకు నూకలు, అన్నీ రాశాను.

అనసూయ ఆ కాగితం వైపు చూడలేదు. ఆమెకు కావలసింది ప్రస్థానం. మంచి ఘడియ ఒకనాడు, ప్రయాణం ఇంకోనాడు అయితే, ఆ ఘడియకు బట్టలు చిన్న మూట కట్టి, పోయే దారిలో తెలిసినవాళ్లింట్లో ముందే పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మంచి ఘడియలోనే మొదలైనట్టట. పోయేటప్పుడు మూట తీసుకుని సాగిపోవడమే. గ్రహాలను ఇంత తేలిగ్గా మోసం చేయగలిగితే వాటికి భయపడడం దేనికో నాకు అర్థం కాలేదు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన అయ్యగారు పంచాంగం చూసి గురువారం పొద్దున ఘడియ చెప్పాడు. మద్రాసు ఏ దిక్కని అడిగితే, కోదాడ దారి వదిలేసి హాలియా వైపు చెయ్యి చూపించాడు.

"మూట అక్క ఇంట్ల పెట్టి రాండ్రి. అది పెట్టకుంట నేను బస్సెక్క," అంది అనసూయ.

"గడ్డకు ఘడియలు తెలుస్తయా?"

"గడ్డకు తెల్వది. నాకు తెలుస్తది. మీకేం, కోసేది నా గొంతు."

గురువారం ఆమె చూస్తుండగా మూట చంకన పెట్టుకుని బస్సు వైపు నడిచాను. మలుపు తిరిగి బడికి పోయాను. బట్టల మూట కోసం సెలవు అడగడం నాకు నామోషీ అనిపించింది. మూటను నా గదిలో బీరువాలోకి విసిరాను. లోపలి ఎర్ర సిరా బుడ్డి ఒలికి, మూట మీద అరచేయంత మరక పడింది. తుడవకుండా తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాను. సాయంత్రం దాకా పాఠాలు చెప్పాను. హాజరు పుస్తకంలో నా సంతకం ఉంది.

ఇంటికి రాగానే అనసూయ అడిగింది. "పెట్టిండ్రా? అక్క ఏమన్నది?"

"మజ్జిగ ఇచ్చింది." అబద్ధం పలచగా ఉందనిపించి, "ఆవు ఈనింది," అన్నాను.

"ఏం దూడ?"

"పెయ్యదూడ. నొసట తెల్ల మచ్చ."

ఆమె నా మొహం చూసింది, తర్వాత నా కాళ్లు చూసింది. "మంచిది," అంది.

మూటను నా పెట్టె అడుగున దాచి, కోదాడలో వాళ్ల అటక మీదికి చేర్చాలని నా ఎత్తు. శనివారం తెల్లవారగానే బడికి పోయి బీరువా తీశాను. తాళం వేసినట్టే ఉంది. మూట లేదు. అడుగున ఎర్ర సిరా ఎండి ఉంది. మధ్యలో మూట ఆనిన చోట మాత్రం మరక లేదు. అంటే సిరా ఆరేదాకా మూట అక్కడే ఉందన్నమాట. చప్రాసీని అనుమానించాను గాని, ఆ తాళానికి రెండో చెవి లేదు.

బస్సెక్కాం. కోదాడలో మూట లేదని తెలిస్తే అనసూయ ముందుకు కదలదు, సోమవారం దాటిపోతుంది. గడ్డ కంటే ముందు నా తెలివితేటలే ఆమెను చంపుతాయని దారి పొడుగునా అనుకున్నాను.

రాఘవమ్మ వదిన కాళ్లకు నీళ్లిస్తూనే అందుకుంది. "ఏం మరిదీ, మొన్న మజ్జిగ తాగి పలక్కుండా పోయారే? మేమేమన్నా మీ బడి పిల్లలమా?"

"మొన్న ఎప్పుడు?"

"బేస్తవారం పొద్దున. మూట తెచ్చింది మీరే గదా. మాతో మాట లేదు గాని దూడను మాత్రం తెగ నిమిరారు."

దొడ్లోకి పోయి చూశాను. పెయ్యదూడ. నొసట తెల్ల మచ్చ. బుధవారం రాత్రి ఈనిందట. ఆ కబురు సూర్యాపేటకు ఎవరూ తేలేదు.

వదిన అటక మీంచి మూట దింపింది. దాని మీద అరచేయంత ఎర్ర మరక. "తెచ్చినప్పుడు పచ్చిగానే ఉంది, నా చేతికి అంటింది. నెత్తురనుకుని హడలిపోయా," అంది.

అనసూయ మూట ఒళ్లో పెట్టుకుని, "ఇగ పోదాం," అంది.

మద్రాసులో గడ్డ తీశారు. మాటలో కొంచెం జీర మిగిలింది, అంతే. ఆ తర్వాత ఆమె ఇరవై ఏళ్లకు పైగా బతికింది. నేను ఆమెకు నిజం చెప్పలేదు. ఒక్క స్నేహితుడికి చెబితే, పోయి వచ్చి మరిచిపోయి ఉంటావన్నాడు. కోదాడ దుమ్ములో రానూపోనూ నాలుగు గంటలు బస్సులో కూర్చోవడం ఎవడైనా మరిచిపోతాడా? దేవుడి మహిమ అనేవాళ్లకు ఆ పాటి ప్రశ్న కూడా తోచదు.

పోయే ముందు వారం ఒక పగలు అనసూయ తనంతట తానే ఆ సంగతి ఎత్తింది. జ్వరం లేదు, తెలివి స్థిమితంగా ఉంది.

"ఆ దినం మీ కాళ్లకు దుమ్ము లేకుండె. మీరు కోదాడ పోలేదని నాకు అప్పుడే తెల్సు."

"మరి బస్సెట్ల ఎక్కినవ్?"

"మూట పెట్టిండ్రు గదా."

"ఎవరు పెట్టిండ్రు?"

"మీరే."

"నేను పోలేదని నువ్వే అంటివి."

"పోలేదు. పెట్టిండ్రు," అని అటు తిరిగి పడుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ పొద్దున బీరువాకు తాళం వేసినవాణ్ణి నేను బాగా ఎరుగుదును, వాడంటే నాకు రోత. కోదాడకు పోయినవాణ్ణి ఎరగను.